కుండమార్పిడి చేసుకున్న రెండు మాటలు

కొన్నేళ్ల కిందట ఒక మలయాళీ స్నేహితుడితో కలిసి కేరళలో బస్సు ప్రయాణం చేస్తున్నాను. ఆ లిపి నాకు రాదు. దారిలో కనిపించిన ప్రతి బోర్డునూ చదివి వినిపించమని అతన్ని వేధించడమే నా కాలక్షేపం. సంస్కృతం మాట ఒక్కటి చెవిన పడితే చాలు, మిగిలినది నేనే అల్లుకుంటానని ధీమా. ఏదో ఊరి శివార్లలో పెద్ద ఇనుప గేటు వచ్చింది. "వ్యవసాయ ఎస్టేట్" అని చదివాడు. కాఫీ ఎస్టేట్, టీ ఎస్టేట్ తెలుసు కదా, ఇదేదో రబ్బరు తోటో మిరియాల తోటో అనుకుని కిటికీలోంచి మెడ సాచి చూశాను. రేకుల షెడ్లు, లేత్ మిషన్ల రొద, గోడ వారగా తుప్పు పట్టిన పీపాలు.

"ఇక్కడ ఏం పండిస్తారు?" అని అడిగాను.

"బోల్టులు" అన్నాడు.

మలయాళంలో వ్యవసాయం అంటే పరిశ్రమ. అక్కడి వ్యవసాయ మంత్రి చూసేది ఫ్యాక్టరీలను. పొలాలూ విత్తనాలూ చూసే ఆయన కృషి మంత్రి. ఆ రోజు నవ్వుకుని ఊరుకున్నాను గానీ, ఆ బోర్డు నన్ను వదలలేదు. మా నాన్న జీవితమంతా చేసిన పని పేరు నాలుగు వందల మైళ్ల అవతల బోల్టుల పేరు ఎలా అయింది?

ఉత్తరానికి వెళ్తే ఇంకో వింత. హిందీ, మరాఠీలలో 'వ్యవసాయ్' అంటే వృత్తి, వ్యాపారం. బెంగాలీలో అదే మాట అరిగి 'బ్యబ్సా' అయింది, అర్థం వర్తకం. హిందీలో 'వ్యావసాయిక్ శిక్షా' అన్న మాటను తెలుగు చెవితో వింటే ఎవరికో పొలం దున్నమని శిక్ష వేసినట్టు ఉంటుంది. నిజానికి అది వృత్తి విద్య. మట్టి అర్థం మిగిలింది తెలుగు, కన్నడ, తమిళాలకే. తమిళులు 'వివసాయం' అంటారు. కన్నడిగులైతే దాన్ని పూర్తిగా సొంతం చేసుకుని 'బేసాయ' అనే తద్భవం కూడా తయారుచేసుకున్నారు. ఈ తద్భవం ఒక సాక్ష్యం. వ్యవసాయం అనేది ఆఫీసు అనువాదకులు మొన్నమొన్న రుద్దిన మాట అనేవాళ్లు కొందరున్నారు. జనం నోట నలగకుండా మాట అంతగా అరగదు.

ఇంతకీ సంస్కృతంలో దాని అసలు అర్థం ఏమిటంటే, ఈ మూడూ కాదు. పొలమూ లేదు, దుకాణమూ లేదు, కార్ఖానా అసలే లేదు. వి, అవ అనే రెండు ఉపసర్గలు 'సో' అనే ధాతువు మీద చేరితే వచ్చిన మాట ఇది. ధాతుపాఠం ఆ ధాతువుకు 'అంతకర్మణి' అని అర్థం చెప్పింది, అంటే ముగించడం. అవసానం, పర్యవసానం, అధ్యవసాయం అన్నీ ఈ ఇంటి పిల్లలే. ఒక విషయాన్ని అటో ఇటో తేల్చుకోవడం, గట్టిగా నిశ్చయించుకోవడం, ఆ నిశ్చయంతో పూనుకోవడం: ఇదీ వ్యవసాయం. భగవద్గీత రెండో అధ్యాయంలో "వ్యవసాయాత్మికా బుద్ధిః" అన్నప్పుడు కృష్ణుడు అర్జునుడికి వరినాట్లు గుర్తుచేయడం లేదు. ఒకే నిశ్చయం మీద నిలిచిన బుద్ధి గురించి చెబుతున్నాడు.

అవసానం గురించి ఇంకో ముచ్చట. ఇప్పుడు మనకు ఆ మాట వినగానే చావు గుర్తొస్తుంది. వేదకాలంలో దానికి బండి ఆపి గుర్రాలను కాడి నుంచి విప్పే చోటు అనే అర్థం కూడా ఉంది. విడిది అన్నమాట. వ్యవసాయం అనే మాటకు అక్కలాంటి మాటలో కాడి విప్పడం ఉందంటే, ఆ కాడి కింద మెడలు పెట్టిన జంతువులకూ మనుషులకూ అది వేళాకోళంగా తోచవచ్చు.

మరి పొలం పనికి సంస్కృతం పెట్టుకున్న పేరేమిటి? కృషి. 'కృష' అనే ధాతువుకు గీయడం, చీల్చడం, లాగడం అని అర్థం. నేల మీద నాగలి చేసే పని సరిగ్గా అదే. కర్షకుడు అక్కడి నుంచే వచ్చాడు, ఆకర్షణ కూడా అక్కడి నుంచే వచ్చింది. ఒకటి నేలను గీస్తుంది, ఒకటి మనసును లాగుతుంది. ఋగ్వేదం పదో మండలంలో జూదరి సూక్తం ఉంది. ఆలినీ ఇంటినీ పోగొట్టుకున్న జూదరి గోడు అది. చివరికి అతనికి దొరికిన సలహా: "అక్షైర్మా దీవ్యః కృషిమిత్ కృషస్వ". పాచికలు ఆడకు, పొలమే దున్నుకో. ఇక్కడ కృషి అంటే అచ్చంగా దుక్కి. గీత పద్దెనిమిదో అధ్యాయంలో "కృషిగౌరక్ష్యవాణిజ్యం" అన్నచోటా అంతే. అంటే ఒకే గీతలో వ్యవసాయమూ ఉంది, కృషీ ఉంది, మొదటిది పట్టుదల, రెండోది సేద్యం.

ఇప్పుడు తెలుగులో వాడుక చూడండి. "గ్రంథాలయోద్యమానికి ఆయన ఎనలేని కృషి చేశారు" అంటాం. ఆయన గోచీ పెట్టి దుక్కి దున్నారని ఎవరూ అనుకోరు. "నాన్నగారు ఏం చేస్తారు?" అంటే "వ్యవసాయం" అంటాం. ఆయనకు నిశ్చయాత్మక బుద్ధి ఉందని ఎవరూ అనుకోరు. సంస్కృతంలో పట్టుదల అయిన మాట మనకు పొలం పని అయింది. అక్కడ పొలం పని అయిన మాట మనకు పట్టుదల అయింది. ఈ ఇంటి పిల్లను ఆ ఇంటికిచ్చి, ఆ ఇంటి పిల్లను ఈ ఇంటికి తెచ్చుకున్నట్టు, రెండు మాటలు కుండమార్పిడి చేసుకున్నాయి. 'కృషి విజ్ఞాన కేంద్రం' అన్న బోర్డు మన ఊళ్లలో ఇప్పటికీ సగం మందికి వింతగా తోచడానికి కారణం ఇదే. దేశంలో మొదటి కేంద్రం 1974లో పుదుచ్చేరిలో పెట్టినప్పుడు కృషిని పాత అర్థంలోనే వాడారు. మన దగ్గరికి వచ్చేసరికి అది పట్టుదల నేర్పే బడిలా వినిపిస్తోంది.

ఈ మార్పిడి ఎంత నిశ్శబ్దంగా జరిగిందో చెప్పడానికి నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ "కృషితో నాస్తి దుర్భిక్షం". బడి గోడ మీద ఈ వాక్యం రాయని ఊరు ఉండదు. కష్టపడితే కరువు ఉండదు అని మాస్టార్లు చెబుతారు, మనం రాసుకుంటాం. శ్లోకం అంటున్నది వేరు: సేద్యం ఉంటే కరువు రాదు. ఇంకా తమాషా ఆ 'తో'లో ఉంది. అది మన తృతీయా విభక్తి కాదు. 'కృషితః' అన్న సంస్కృత రూపం సంధిలో 'కృషితో' అయింది. వెంటనే వచ్చే "జపతో నాస్తి పాతకం"లోనూ అదే సంగతి. మనం మాత్రం 'కర్రతో కొట్టాడు'లో ఉన్న 'తో' అనుకుని హాయిగా చదివేసుకున్నాం. ఒకే వాక్యంలో నామవాచకాన్నీ తెలుగు చేశాం, విభక్తినీ తెలుగు చేశాం, ఇంకా అది సంస్కృతమనే అనుకుంటున్నాం. ఇంత నేర్పుగా ఇంకే భాషవాళ్లయినా పొరబడ్డారా అని నాకు అనుమానం.

తప్పు అనడం లేదు. మాటలు ఇలాగే బతుకుతాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సేద్యం, పశుపాలన, వాణిజ్యం మూడింటికీ కలిపి పెట్టిన పేరు 'వార్త'. మనకిప్పుడు అది పొద్దున్నే గుమ్మంలో పడేది. తమిళంలో సేద్యానికి వేళాణ్మై అంటారు. తిరుక్కురళ్‌లో అతిథి మర్యాద గురించి చెప్పిన మొదటి ద్విపదలో ఆ మాటకు ఉపకారం, ఆదరణ అని అర్థం. ఇంగ్లీషువాడి 'ఫార్మ్' సంగతి ఇంకా విచిత్రం. లాటిన్ 'ఫిర్మా' నుంచి వచ్చింది, అంటే నికరంగా కట్టే మొత్తం, కౌలు సొమ్ము. మాట పుట్టుకను బట్టి చూస్తే ఫార్మర్ అంటే కౌలుదారే.

ఈ కౌలు దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు ఒక పేచీ తీర్చుకోవాలి. వ్యవసాయం అంటే దృఢనిశ్చయం అని తెలియగానే, మనవాళ్లలో కొందరికి గొంతు గద్గదం అవుతుంది. "చూశారా, మన పూర్వులు రైతు పట్టుదలను గుర్తించి ఆ పనికి నిశ్చయం అని పేరు పెట్టారు" అని ఉపన్యాసం మొదలవుతుంది. దాని వెనకే, నాగలి పట్టి బతికితే తప్పేమిటనే హాలికులైననేమి అన్న చాటుపద్యం వస్తుంది. నేను ఆ పద్యం జోలికి పోను. పూర్వులు సమావేశమై తీర్మానం చేసి అర్థాలు మార్చరు. నాకు తోచే కారణం చాలా మామూలుది. ఊళ్లో పదిమందిలో ఎనిమిది మంది చేసే పని ఒకటే అయినప్పుడు, 'పని', 'పాటు', 'పూనిక' అనే సాధారణమైన మాటలు క్రమంగా ఆ ఒక్క పనికే అంటుకుపోతాయి. "పనికి వెళ్లాడు" అంటే కూలికి వెళ్లాడని మనకు తెలియడం లేదా? వ్యాపారులు ఎక్కువగా వాడిన చోట అదే మాట వ్యాపారానికి అంటుకుంది. సాధారణ అర్థం ఇరుకైపోవడం భాషల్లో నిత్యం జరిగేదే.

అలాగని అందులో పట్టించుకోవలసినది ఏమీ లేదనుకోను. వ్యవసాయం అనే మాటలో ప్రయత్నం ఉంది, ఫలితం లేదు. ఆస్తి లేదు. హక్కు లేదు. పూనుకున్నవాడు ఎవడో వాడిదే వ్యవసాయం. ఆ మాటను అలాగే పట్టుకుంటే, ఎవరి పేరున పట్టా ఉందో చూడనక్కరలేదు; ఎవరి చేతులకు బురద ఉందో చూస్తే చాలు. దీనికి పూర్తిగా ఎదురు నిలబడే మాట మన దగ్గర ఇంకొకటి ఉంది. దాన్నే మనం ఎక్కువ ప్రేమగా వాడుతున్నాం. రైతు.

రైతు అరబ్బీ నుంచి పారశీకం మీదుగా వచ్చాడు. అక్కడ 'రయ్యత్' అంటే ప్రజ, పాలితుడు. ఇంకా వెనక్కి వెళ్తే మేపే మంద. రాజు కాపరి, జనం గొర్రెలు అనే పోలికలోంచి పుట్టిన మాట. అదే ధాతువు నుంచి వచ్చిన 'రియాయత్' మనకు రాయితీ అయింది. కాబట్టి రైతుకు రాయితీ ఇవ్వడమంటే, మాటల లెక్కలో, మందకు మేత వేయడమే. ఇది నా చమత్కారం కాదు, నిఘంటువుది.

మొగలుల రెవెన్యూ లెక్కల్లో రైతు అంటే శిస్తు కట్టేవాడు. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి ఇచ్చాక, అక్కడ ప్రధాన కలెక్టరుగా ఏడేళ్లు ఉన్న థామస్ మన్రో ఈ సంబంధాన్ని గట్టిపరిచాడు. మధ్యలో జమీందారు లేకుండా సర్కారు నేరుగా ఒక్కొక్కరికీ పట్టా ఇచ్చి, వారి దగ్గరే శిస్తు తీసుకోవడం. రైత్వారీ. తరవాత ఆయన మద్రాసు గవర్నరు అయ్యాడు, 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. సీమలో ఆయన్ను దేవుడిలా తలచుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, దానికి కారణాలూ ఉన్నాయి. జమీందారీ కింద నలిగిన జిల్లాలతో పోల్చి చూస్తే పట్టా చిన్న విషయం కాదు. అయితే ఆ పద్ధతిలో రైతు అనే మాట ఒక కాగితానికి ముడిపడింది. రిజిస్టరులో పేరు ఉన్నవాడు రైతు. దున్నేది అతనా, అతని పాలేరా, అతని కౌలుదారా అనేది శిస్తు వసూలుకు అనవసరం.

శిస్తు పోయింది, కాగితం ఉండిపోయింది. ఒకప్పుడు తీసుకోవడానికి చూసిన జాబితానే ఇప్పుడు ఇవ్వడానికీ చూస్తున్నారు. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4,000 రూపాయలు పట్టాదారుకు వెళ్లాయి, కౌలుకు చేసేవారికి రాలేదు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు, అదీ సొంత భూమి ఉన్న కుటుంబాలకే. పథకం పేరులో రైతు ఉంది, కిసాన్ ఉంది. కిసాన్ కూడా ఆ 'కృష' ధాతువు బిడ్డే, దున్నేవాడని అర్థం. దున్నేవాడి పేరు పెట్టి, దున్నినా దున్నకపోయినా భూమి ఉన్నవాడికి ఇస్తున్నారు.

చట్టం రాసేవాళ్లకు ఈ ఇరకాటం తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చే చట్టం తెచ్చినప్పుడు దానికి 'అధీకృత సాగుదారుల' చట్టం అని పేరు పెట్టారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చినది 'పంట సాగుదారు హక్కుల' చట్టం. రెండింటిలోనూ సాగుదారే, రైతు అనలేదు. రైతు అంటే భూమి మీద హక్కు ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని యజమానికి భయం, ఆ భయం తీర్చడానికి సర్కారుకు కొత్త మాట అవసరమైంది. 2019 చట్టం కింద పత్రానికి గడువు పదకొండు నెలలు. దాని మీద యజమాని సంతకం ఉండాలి. ఆ సంతకం దగ్గరే చాలా మంది కథ ఆగిపోతుంది.

సాగు మంచి మాటే. ముందుకు నడవడం, పొడవు కావడం. 'బతుకు సాగుతోంది', 'చర్చ సాగింది', 'సాగనంపారు' అంటాం చూడండి, ఆ సాగే పొలానికీ వచ్చింది. కన్నడంలో సాగువళి, తమిళంలో సాగుబడి. వ్యవసాయం అనే సంస్కృతపు మాట మానేసి అందరూ సాగు అనాలని వాదించేవాళ్లతో నాకు గొడవ లేదు. కానీ మాట మన ఇంటిదా పక్కింటిదా అనేది నాకు రెండో ప్రశ్న. ఆ మాట ఎవరిని లోపలికి రానిస్తుంది, ఎవరిని గుమ్మంలోనే ఆపుతుంది అనేది మొదటిది.

జనాభా లెక్కల్లో 2001లో దేశంలో సాగుదారులు 12.73 కోట్లు, వ్యవసాయ కూలీలు 10.68 కోట్లు. 2011 నాటికి సాగుదారులు 11.88 కోట్లకు తగ్గారు, కూలీలు 14.43 కోట్లకు పెరిగారు. పొలంలో దిగేవాళ్లలో సగం కంటే ఎక్కువ మందిని రైతు అనే మాట తాకదు. నాట్లు వేసి, కలుపు తీసి, పత్తి ఏరే ఆడవాళ్ల సంగతి సరేసరి. వాళ్లను రైతు అనాలంటే ముందు 'మహిళా' అని తగిలించాలి, లేకపోతే ఎవరి కంటికీ ఆనరు. ఎం.ఎస్.స్వామినాథన్ అధ్యక్షతన పనిచేసిన జాతీయ రైతు కమిషన్ సిఫారసుల మీద 2007లో వచ్చిన జాతీయ విధానంలో కౌలుదారు, కూలీ, పశువులు కాసేవారు, చేపలు పట్టేవారు, పోడు చేసే ఆదివాసీ అందరినీ రైతు కిందే లెక్కించమన్నారు. ఎవరికీ అభ్యంతరం లేకుండా ఆమోదం పొందిన నిర్వచనం అది. ఎక్కడా అమలు కాకపోవడానికి అదే కారణమేమో.

'అన్నదాత' గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. దాత అంటే వెల తీసుకోకుండా ఇచ్చేవాడు. మద్దతు ధర అడుగుతున్నవాడిని పట్టుకుని దాతా అని దండం పెడితే, అతను ఇంక బేరం ఆడేదెలా?

ఇక కౌలు. అరబ్బీలో 'కౌల్' అంటే మాట. నోటి మాట, ఇచ్చిన మాట. ఎకరానికి ఇన్ని బస్తాలు అని ఒకరు అనడం, సరేనని ఇంకొకరు అనడం. మా నాన్న మూడెకరాలు ఇరవై రెండేళ్లు చేశారు, ఆ ఇరవై రెండేళ్లూ కాగితం లేదు. ప్రతి ఉగాదికీ భూమి యజమాని ఇంటి అరుగు మీద కూర్చుని, కాఫీ తాగి, మాట అనుకుని వచ్చేవారు. కౌలు అనే మాటకు అరబ్బీలో ఉన్న అర్థాన్ని అంత నిక్కచ్చిగా పాటించినవారు అరబ్బు దేశాల్లో కూడా ఉండరు. ఒక ఏడాది గాలివానకు వరి పడిపోయింది. నష్టపరిహారం యజమాని ఖాతాలో పడింది. ఆయన మంచివాడు, సగం తెచ్చి ఇచ్చాడు. ఆ సగాన్ని నాన్న ఇప్పటికీ ఆయన మంచితనం కింద చెబుతారు. నాకు ఆ కథ విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది, యజమాని మీద కాదు.

బడిలో చేరినప్పుడు నా దరఖాస్తులో 'తండ్రి వృత్తి' అన్నచోట మాస్టారు అడగకుండానే వ్యవసాయం అని రాశారు. నాన్న నోట మాత్రం ఆ మాట విన్న గుర్తు నాకు లేదు. "చేనికి వెళ్లొస్తాను" అనేవారు, "నీళ్లు పెట్టాలి" అనేవారు, "దుక్కి అయింది" అనేవారు. చేసే పనిని ముక్కలుగా చెప్పేవారు తప్ప మొత్తానికి ఒక పేరు పెట్టి పిలవాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు. పేరు అవసరమయ్యేది కాగితం నింపేవాడికి.

పోయిన ఏడాది ఏదో కార్డు కోసం ఆయన్ను ఒక కార్యాలయానికి తీసుకెళ్లాను. కంప్యూటర్ ముందున్న కుర్రాడు వృత్తి అడిగాడు. నేను వ్యవసాయం అన్నాను. జాబితాలో ఆ మాట లేదు. రైతు ఉంది, నొక్కితే పట్టా నంబరు అడిగింది. వెనక్కి వచ్చి వ్యవసాయ కూలీ నొక్కబోతే, నాన్న చేయి అడ్డం పెట్టి, "కూలికి నేను పిలిచేవాణ్ణి బాబూ, వెళ్లేవాణ్ణి కాదు" అన్నారు. కోపంగా కాదు, లెక్క సరిచేస్తున్నట్టు. కుర్రాడు కాసేపు ఆలోచించి, కింద మిగిలిన దాన్ని నొక్కి, కాగితం తీసి ఇచ్చాడు.

"ఏమని రాశాడు?" అని మెట్లు దిగుతూ అడిగారు.

"ఇతరములు" అని చదివాను.

నాన్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కాలువకు నీళ్లు వదిలే వేళయింది, త్వరగా పద అన్నారు.